బాలింత గదిలో కుంపటి

కుంపటి రాజెయ్యడంలో అమ్మణ్ణిని మించినవాళ్లు కోనసీమ మొత్తంమీద లేరు. ఈ మాట ఎవరన్నారంటే అమ్మణ్ణే అనేది. కాదనే సాహసం ఎవరూ చెయ్యలేదు కనుక అది నిజమై కూర్చుంది.

ఆవిడ పద్ధతి చూసి తీరాల్సిందే. ముందు కుంపటిని గడప బయట, గాలివాటం చూసి పెట్టేది. అడుగున నిన్నటి బూడిద చిటికెడు కూడా మిగలకుండా దులిపేది. గుప్పెడు కొబ్బరిపీచు, దానిమీద పిడక ముక్క, ఆపైన గోళీలంతేసి బొగ్గులు, వాటిమీద పెద్ద బొగ్గులు. బొగ్గులు ముందురోజే ఎండలో ఎండాలి. చెమ్మ ఉంటే చిటపటలాడి రవ్వలు చీరమీదికి ఎగురుతాయి. కొంగు నడుముకు బిగించి, పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుని, కింది మూతి దగ్గర అగ్గిపుల్ల గీసి, తాటాకు విసనకర్రతో నెమ్మదిగా విసిరేది. కిరసనాయిలు చుక్క పోసేది కాదు. కిరసనాయిలుతో నిప్పు చేసేది వంట చేతకానివాళ్లూ, ఇల్లు తగలెట్టుకోదలచినవాళ్లూ అని ఆవిడ సిద్ధాంతం. సింగరేణి నుంచి వచ్చే రాక్షసి బొగ్గును గుమ్మంలోకే రానిచ్చేది కాదు. కర్రబొగ్గు తప్ప ఇంకేదీ ఇంట్లో వాడదగ్గది కాదట.

అన్నిటికన్నా పెద్ద నియమం మరొకటుంది. పొగ పూర్తిగా పోవాలి. బొగ్గులన్నీ ఎర్రగా కాలి పైన తెల్లటి పొర కట్టాలి. అప్పటిదాకా కుంపటి గడప దాటి లోపలికి రాకూడదు. నిప్పులో చెడంతా పొగలోనే ఉంటుందనీ, అది పోయాక మిగిలేది వట్టి వేడేననీ, ఆ వేడి చంటిబిడ్డ పక్కన పెట్టినా భయం లేదనీ ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంతోనే వాళ్ల ఊళ్లో సగంమంది బాలింతలకు ఆవిడ పురుళ్లు పోసింది. ఒక్కళ్లకూ ఏమీ కాలేదు.

ఆవిడ చిన్నకూతురు కాపురముంటున్న మదీనాగూడలో ఇల్లుగల ఆసామి భార్య కిష్టమ్మకు ఇదంతా పెద్ద తమాషాగా ఉండేది. ఆమె తన సిగిడీలో బొగ్గులు గుమ్మరించి, సీసాలోంచి కిరసనాయిలు జల్లి, దూరంనుంచి అగ్గిపుల్ల విసిరి, భగ్గుమనగానే ఒకడుగు వెనక్కి వేసేది. దాన్ని ఆమె గ్యాస్‌నూనె అనేది.

"ఏందమ్మా, నిప్పు చేస్తున్నవా, పెండ్లి చేస్తున్నవా?" అంది ఆ పొద్దున ప్రహరీకి ఆనుకుని నిలబడి.

"నవ్వు, నవ్వు. నీ కనుబొమ్మలు కాలిననాడు తెలుస్తుంది."

"నా కనుబొమ్మలు ఎప్పుడో కాలినయ్. మల్ల మొలిచినయ్" అని కిష్టమ్మ పకపకా నవ్వింది.

అమ్మణ్ణికి నవ్వొచ్చింది కానీ బయటపడనివ్వలేదు. నిప్పు దగ్గర నవ్వులాటలేమిటి?

అది డెబ్బై నాలుగో సంవత్సరం డిసెంబరు. అమ్మణ్ణి చిన్నకూతురు కనకలక్ష్మికి తొలికాన్పు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ డాక్టరమ్మ రైలు ప్రయాణం పనికిరాదని ఖండితంగా చెప్పడంతో పిల్ల పుట్టింటికి వెళ్లడానికి బదులు పుట్టిల్లే పిల్ల దగ్గరికి వచ్చింది. శొంఠి, వాము, ఆవునెయ్యి, ఆముదం, విసనకర్ర, చివరికి ఇనప కుంపటితో సహా అమ్మణ్ణి రైలు దిగింది. కనకం మొగుడు సోమేశ్వరరావు దగ్గర్లోని ఫ్యాక్టరీలో గుమాస్తా. బొంబాయి రోడ్డు వెంబడి కిష్టమ్మ వాళ్లు ఫ్యాక్టరీ వాళ్లకోసం కొత్తగా స్లాబు గదులు వేసి కిరాయికిస్తే, అందులో ఒక వాటాలో ఉంటున్నాడు. కిష్టమ్మ వాళ్లు మాత్రం వెనక తమ పాత పెంకుటింట్లోనే ఉండేవాళ్లు.

కోనసీమలో పుట్టి పెరిగినవాళ్లకు ఇక్కడి చలి చలిలా ఉండదు, కక్ష కట్టినట్టుంటుంది. చుట్టూ బండరాళ్లూ, జొన్నచేలూ, మధ్య ఎక్కడా అడ్డులేని గాలి. ఆ గాలి వినబడ్డప్పుడల్లా అమ్మణ్ణి లేచి తలుపు గడియ చూసుకునేది. దానికి కారణం ఉంది. ఆవిడ పెద్దకూతుర్ని గాలే పొట్టన పెట్టుకుంది.

పెద్దకూతురు సుబ్బలక్ష్మిని కాకినాడలో మేడ ఉన్న సంబంధం చూసి ఇచ్చారు. రెండో కాన్పు అత్తవారింట్లోనే జరిగితే అమ్మణ్ణే వెళ్లి పురుడు పోసింది. మేడమీద గది ఇచ్చారు. కుంపటి పెట్టి, తలుపులన్నీ బిగించి కంటికి రెప్పలా చూసుకుంటుంటే, ఒక సాయంత్రం వియ్యపురాలు వచ్చి "ఈ గదిలో ఊపిరాడ్డం లేదేమిటమ్మా, పిల్ల మొహం చూడు" అంటూ రెండు కిటికీలూ బార్లా తెరిచేసింది. బిడ్డ ఏడుస్తున్నాడని ఎత్తుకుని కింద హాల్లోకి తీసుకుపోయింది. అమ్మణ్ణి పరుగున వచ్చి కిటికీలు మూసింది, గుడ్డలు కుక్కింది, నిప్పు రెట్టింపు చేసింది. అయినా లాభం లేకపోయింది. తెల్లవారేసరికి సుబ్బులు లేవలేదు. శీతం కొట్టి సన్నిపాతం కమ్మిందన్నారందరూ.

ఈ కథ అమ్మణ్ణి వందమందికి చెప్పి ఉంటుంది. చెప్పినప్పుడల్లా వియ్యపురాలిని తిట్టేది. "కిటికీ తెరిచి నా పిల్లని చంపింది" అనేది. ఒకసారి నలుగురిలో, ఆవిడ మొహానే అంది. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. తల్లిలేని ఆ మనవలిద్దరూ కాకినాడలో పెరిగి పెద్దవాళ్లవుతున్నారని వినడమే తప్ప మళ్లీ కళ్లచూడలేదు.

కాబట్టి ఆడపిల్ల పుట్టాక కనకం గదిని ఆవిడ ఎలా బందోబస్తు చేసిందో వేరే చెప్పనక్కర్లేదు. కిటికీ రెక్కల సందుల్లో పాత చీర పేలికలు కుక్కింది. పైనున్న వెంటిలేటరుకు మైదాపిండి జిగురుతో న్యూస్‌పేపరు అంటించింది. తలుపు కింద సందుకు గోనెపట్టా. కొత్తగా కట్టిన గది, కొత్త స్లాబు, కొత్త తలుపులు. అన్నీ చక్కగా బిగిసి కూర్చున్నాయి. తమ ఊరి పెంకుటింట్లో ఎంత కుక్కినా ఎక్కడో ఒకచోట గాలి దూరేది. ఇక్కడ చీమ దూరడానికి సందు లేదు. ఇల్లంటే ఇలా ఉండాలని అమ్మణ్ణి మెచ్చుకుంది కూడా.

సోమేశ్వరరావు రెండుమూడుసార్లు నసిగాడు.

"అత్తయ్యగారూ, గదిలో మరీ ఉక్కగా ఉందేమోనండీ."

"ఉక్క కాదు బాబూ, వెచ్చన. బాలింతకు వెచ్చన కావాలి. మీకు తెలీదు లెండి."

తెలీని విషయంలో అత్తగారితో వాదించే అల్లుడు కాడతను. ఆ పొద్దున బస్సుకు వేళవుతోందని కారియరు పట్టుకుని వెళ్లిపోయాడు.

నిన్నటినుంచి కనకం తలనొప్పని మూలుగుతోంది. అన్నం సహించలేదు, వికారంగా ఉందంది. అమ్మణ్ణి గుండె జారిపోయింది. సుబ్బులు కూడా ఇలాగే తలనొప్పితోనే మొదలుపెట్టింది. అంటే ఎక్కడో శీతం దూరుతోందన్నమాట. నుదుటికి శొంఠి పట్టు వేసి, గది మళ్లీ ఒకసారి తడిమి చూసి, మర్నాడు కుంపట్లో బొగ్గులు ఇంకొన్ని ఎక్కువ వెయ్యాలని అప్పుడే నిశ్చయించుకుంది. ఈసారి ఎవరు అడ్డొచ్చినా వినదల్చుకోలేదు. ఒక కూతుర్ని పోగొట్టుకున్న మనిషి రెండోదాని విషయంలో ఒకరి మాట వింటుందా?

అందుకే ఆ పొద్దున కుంపటి నిండుగా రాజింది. పొగ పోయేదాకా ఓపిగ్గా విసిరింది. తెల్లపొర కట్టాక పట్టకారుతో ఒక్కో బొగ్గూ తిరగేసి, నల్లమచ్చ ఎక్కడా లేదని చూసుకుంది. తర్వాత కనకానికి వేడినీళ్లు పోసి, తలకు సాంబ్రాణి పట్టి, చెవుల్లో దూది పెట్టి, బిడ్డను పక్కలో వేసి, కుంపటి తెచ్చి నులకమంచం కింద తలవైపు జరిపింది. దుప్పట్లు నిప్పుకు తగలకుండా పైకి మడిచింది. అన్ని జాగ్రత్తలూ అయ్యాయి.

"అమ్మా, తల పగిలిపోతోందే. కాసేపు తలుపు తీసి ఉంచవూ?" అంది కనకం.

"తీస్తే ఇంకా పగులుతుంది. పడుకో. ఓ కునుకు తీస్తే అదే తగ్గుతుంది."

తలుపు మూసి, గోనెపట్టా కాలితో లోపలికి తోసి, పక్కనున్న వంటింట్లోకి వెళ్లింది.

వాము వేయిస్తూ, పథ్యానికి కారప్పొడి దంచుతూ చాలాసేపు గడిపింది. మధ్యలో ఒకసారి తలుపు ఓరగా తీసి తొంగిచూసింది. కనకం గాఢంగా నిద్రపోతోంది. కాన్పైన నాటినుంచి పాలిపోయి ఉన్న మొహానికి రంగొచ్చింది. బుగ్గలు కుంకుమ అద్దినట్టు ఎర్రగా ఉన్నాయి. పెదవులు కూడా. బిడ్డ కూడా గులాబీ రంగుకు తిరిగి ముద్దొస్తోంది.

అమ్మణ్ణికి ప్రాణం లేచొచ్చింది. చూశావా, వేడి పడేసరికి రంగు తిరిగింది! కళ్లనీళ్లు తిరిగాయి. ఇదే జాగ్రత్త ఆనాడు ఆ మహాతల్లి పడనిచ్చి ఉంటే సుబ్బులు కూడా ఇలా రంగు తేలి లేచేది కదా అనుకుంది. చప్పుడు కాకుండా తలుపు మూసింది.

కిష్టమ్మ కొంగులో చుట్టిన మునక్కాయలు పట్టుకుని వచ్చింది.

"బిడ్డను జర సూసి పోదామనొచ్చిన."

"ఇప్పుడొద్దు కిష్టమ్మా. ఇద్దరూ హాయిగా పడుకున్నారు. ఎంత రంగొచ్చిందనుకున్నావు నా పిల్లకి!"

"మంచిగాయె. నిన్న తలకాయ నొస్తున్నదని ఏడ్సింది గద, నేను పరేషానైన."

"అదంతా శీతం. నా నిప్పు ముందు నిలుస్తుందా?"

కిష్టమ్మ మునక్కాయలు అరుగుమీద పెట్టి వెళ్లింది. అమ్మణ్ణి మళ్లీ రోటి దగ్గర కూర్చుంది. అత్తిసరు పెట్టింది, దించింది. నెయ్యి కాచింది. ఆ చంటిపిల్లకు ఆకలి ఆగదు, పాలవేళ కాస్త దాటితే వీధి చివరికి వినబడేలా గుక్కపెడుతుంది. ఆ ఏడుపు వినబడగానే కనకానికి అన్నం పెడదామని ఆవిడ చూస్తోంది. ఏడుపు రాలేదు.

పిల్ల కూడా నిద్రపట్టి పడుకుందిలే అనుకుంది. ఇంకాసేపు చూసింది. పాలవేళ ఎప్పుడో దాటిపోయింది. లోపలినుంచి చడీ చప్పుడూ లేదు. చేతిలో నేతిగిన్నెతో అలాగే నిలబడి చెవి ఒగ్గింది. ఉన్నట్టుండి ఆవిడకు కాకినాడ మేడ గుర్తొచ్చింది. ఆ తెల్లవారుఝామున కూడా ఇలాగే ఏ చప్పుడూ లేదు.

గిన్నె పడేసి తలుపు తోసింది.

"కనకం! అమ్మాయ్! పాలవేళైంది, లే."

కనకం లేవలేదు. భుజం పట్టుకుని కుదిపింది. తల ఇటునుంచి అటు వాలిపోయింది. బిడ్డను ఎత్తుకుంది. చేతులూ కాళ్లూ తడిబట్టలా వేలాడాయి. బుగ్గలు మాత్రం అదే ఎరుపు. ఊపిరుందో లేదో తెలియలేదు.

అమ్మణ్ణి బిడ్డను మళ్లీ కనకం పక్కలో పడుకోబెట్టింది. రెండోసారి. మళ్లీ అదే. ఎక్కడినుంచి వచ్చింది గాలి? ఎలా దూరింది? చుట్టూ చూసింది. కిటికీ గుడ్డలు ఉన్నచోటే ఉన్నాయి, కాగితం చిరగలేదు. తను లోపలికి వచ్చినప్పుడు తలుపు తెరిచింది కదా, అది గుర్తొచ్చి వెంటనే దాన్ని మూసి గడియ వేసింది. మంచం కిందికి వంగి, విసనకర్ర తీసుకుని, ఆ కుంపటిని విసరడం మొదలుపెట్టింది. బొగ్గులు కణకణలాడాయి. విసురుతూ "కనకం, కనకం" అని అరిచింది. వేడి పెరగాలి. శీతం విరగాలి. ఆవిడకు తెలిసిన వైద్యం అదొక్కటే.

కొంతసేపటికి ఆవిడకే కళ్లు తిరిగాయి. కణతలు టపటపా కొట్టుకున్నాయి, మోకాళ్లలో సత్తువ పోయింది. భయానికి అనుకుంది. మంచంకోడు పట్టుకుని లేవబోయి కూలబడింది. విసనకర్ర చేతిలోనే ఉంది. కూలబడి కూడా విసురుతూనే ఉంది.

ఆ అరుపులు విని కిష్టమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందమ్మా? ఎందుకు ఒర్రుతున్నవ్? తలుపు తియ్!"

"తియ్యను! గాలి కొడుతుంది!"

"బిడ్డకేమైంది?"

"లేవడం లేదు!"

ఆ మాట వినగానే కిష్టమ్మ ఇంకేమీ అడగలేదు. మొగుణ్ణి కేకేసింది. పెంటయ్య వచ్చి భుజంతో రెండు పోట్లు పొడిచేసరికి చిన్న గడియ ఊడిపోయింది. తలుపు గోడకు కొట్టుకుంది, చలిగాలి రివ్వున లోపలికి వచ్చింది. అమ్మణ్ణి లేని సత్తువ తెచ్చుకుని లేచి, రెండు చేతులూ చాచి మంచానికి అడ్డం నిలబడింది.

"మూయ్! నీకు దణ్ణం పెడతాను, తలుపు మూయ్ కిష్టమ్మా! నా పెద్దదాన్ని చంపింది ఈ గాలే!"

"దవాఖానకు తీస్కపోవద్దా? ఇండ్లనే పెట్టుకొని సూస్తవా?"

"బయటికి తీస్తే చస్తారు!"

"జర పక్కకు జరుగమ్మా."

కిష్టమ్మకు ఆ గదిలో ఏముందో తెలిసి కాదు. దవాఖానకు తీసుకుపోవాలంటే ముందు వాకిట్లోకి తేవాలి, అంతే ఆమెకు తెలిసింది. అమ్మణ్ణి రెక్క పట్టి పక్కకు లాగేసి బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. పెంటయ్య మంచాన్ని తలవైపు ఎత్తి, కనకంతో సహా గడప మీదుగా ఈడ్చుకుంటూ బయటికి లాగాడు. లాగి, లారీ ఆపడానికి రోడ్డుమీదికి పరుగెత్తాడు.

వాకిట్లో గాలి ఊళవేస్తోంది. జొన్నచేల మీదినుంచి నేరుగా వచ్చి కనకం మొహానికి కొట్టింది. చెవుల్లో దూది ఎగిరిపోయింది. అమ్మణ్ణి వెనకాలే తూలుకుంటూ వచ్చి, తన కొంగు లాగి కూతురి మొహం మీద కప్పబోయింది. కొంగు చాలలేదు. ఏం చెయ్యాలో తోచక కిష్టమ్మ వీపుమీద గుద్దింది.

"చంపేశావే! నా పిల్లలిద్దర్నీ చంపేశావే!"

కిష్టమ్మ తిరిగి చూడలేదు. బిడ్డను బోర్లా చేతిమీద వేసుకుని వీపు రాస్తోంది, అరికాళ్లు చరుస్తోంది. "లే బిడ్డా, లే నా తల్లి" అంటోంది. ఎంతసేపో అలా అంటూనే ఉంది.

బిడ్డ తుమ్మింది.

తర్వాత పిల్లికూనలా సన్నగా ఒక ఏడుపు వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది, ఈసారి కొంచెం గట్టిగా. మంచంమీద కనకం కదిలింది. పక్కకు ఒరిగి వాంతి చేసుకుంది. కళ్లు తెరిచి, ఆకాశం వంక అయోమయంగా చూసి, "అమ్మా, తల" అంది.

అమ్మణ్ణి కొంగు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సంతోషించాలి. సంతోషం రాలేదు, దిగ్భ్రమ వచ్చింది. గాలి తగిలితే చావాలి కదా. వీళ్లు లేస్తున్నారేమిటి? ఇన్నేళ్లుగా తనకు తెలిసినదంతా ఆ వాకిట్లో తలకిందులైంది. గాలి ఇంకా కొడుతూనే ఉంది, బిడ్డ ఏడుపు ఇంకా పెరుగుతూనే ఉంది.

"లారీ ఆగింది! జల్ది తేండ్రి!" అని పెంటయ్య రోడ్డుమీదినుంచి అరిచాడు.

ఫ్యాక్టరీ వాళ్ల దవాఖానలో తల్లికీ బిడ్డకూ ముక్కుకు గొట్టాలు పెట్టారు. డాక్టరమ్మ నడివయసు మనిషి, మెడలో స్టెతస్కోపు, మొహంలో అలసట. ఇద్దర్నీ చాలాసేపు పరీక్ష చేసి, గండం గడిచిందని చెప్పి, వరండాలోకి వచ్చి బెంచీమీద కూర్చున్న అమ్మణ్ణి ముందు నిలబడింది. పక్కన కిష్టమ్మ ఉంది. అప్పుడే కబురంది పరుగున వచ్చిన సోమేశ్వరరావు గోడకు చేరబడి ఒగరుస్తున్నాడు.

"గదిలో కుంపటి పెట్టారా?"

"పెట్టామండీ. కానీ పొగ లేదండీ. ఒక్క పిసరు పొగ ఉంచలేదు. నేను దగ్గరుండి పోగొట్టాను."

"పొగ ఉంటే బాగుండేదమ్మా. దగ్గొచ్చి లేచేవాళ్లు."

అమ్మణ్ణికి అర్థం కాలేదు.

"పొగ పోయినా బొగ్గులోంచి ఇంకో గాలి వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. విషం. మూసిన గదిలో చేరి మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. ముందు తలనొప్పి వస్తుంది, వికారం వస్తుంది. మొహం ఎర్రబడుతుంది. అందరూ రంగొచ్చిందనుకుంటారు."

"నేను ఎందరికో పురుళ్లు పోశానండీ. అందరికీ కుంపటి పెట్టాను. ఎవరికీ ఏమీ కాలేదు."

"ఏ ఇళ్లల్లో?"

"మా ఊళ్లోనండీ. పెంకుటిళ్లు."

"పెంకుల సందుల్లోంచి పోయేది. స్లాబు కింద ఎక్కడికి పోతుంది చెప్పండి? బయటికి లాగి గాలి తగిలించారు కాబట్టి బతికారు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు. ఇకమీద కుంపటి వాకిట్లోనే ఉండాలి. గదిలోకి తేకండి. తలుపూ కిటికీ తెరిచి ఉంచండి. చలికి రెండు దుప్పట్లు ఎక్కువ కప్పండి, చాలు."

చెప్పి ఆవిడ వెళ్లిపోయింది. సోమేశ్వరరావు దగ్గరికి వచ్చాడు. కళ్లు తుడుచుకుని, తనకు చేతనైనంత మెత్తగా అన్నాడు.

"మీరు బాధపడకండి అత్తయ్యగారూ. తెలిసి చేశారా ఏమిటి? ఇద్దరూ క్షేమంగా ఉన్నారు, అంతే చాలు."

"అవునమ్మా. దేవుడు సల్లగ సూసిండు. ఇగ ఫికర్ పెట్టుకోకు" అంది కిష్టమ్మ. ఆమె వీపుమీద అమ్మణ్ణి కొట్టిన దెబ్బలు ఇంకా చురుక్కుమంటూనే ఉంటాయి. ఆ సంగతి ఎత్తనే లేదు.

ఆ మంచిమాటలు అమ్మణ్ణి చెవిదాకా రాలేదు. ఆవిడ ఇంకా డాక్టరమ్మ మాటల దగ్గరే ఆగిపోయింది. తలనొప్పి. వికారం. ఎర్రబడ్డ మొహం. సుబ్బులుకు కూడా తలనొప్పే. పాడె ఎక్కించినప్పుడు అమ్మలక్కలు బుగ్గలు చూసి, నిద్రపోతున్నట్టే ఉంది, లక్ష్మీకళ పోలేదన్నారు. పుణ్యాత్మురాలు కనుక అలా ఉందన్నారు. పిల్లాడు ఆ రాత్రి కింద హాల్లో నాయనమ్మ పక్కలో పడుకున్నాడు, బతికాడు. మేడమీది గదికి పెంకులు లేవు.

 అమ్మణ్ణి బెంచీమీంచి లేవబోయింది. కిష్టమ్మ చెయ్యి పట్టుకుంది.

నర్సు వచ్చి కనకం పిలుస్తోందని చెప్పింది. లోపలికి వెళ్లారు. కనకం దిండుకు ఆనుకుని కూర్చుంది. మంచం పక్కన కిటికీ తెరిచే ఉంది. ముక్కుకున్న గొట్టాలు తీసేశారు, బిడ్డ ఒళ్లో పాలు తాగి నిద్రలోకి జారుతోంది. కనకం మొహం మళ్లీ పాలిపోయింది. ఆ పాలిపోయిన మొహం చూస్తే అమ్మణ్ణికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

"చేతులు లాగుతున్నాయే అమ్మా. కాసేపు దీన్ని అందుకో."

అమ్మణ్ణి చేతులు చాచింది. సగం దూరం పోయిన చేతులు అక్కడే ఆగాయి. వాటివంక తనే కొత్తగా చూసి వెనక్కి తీసుకుంది.

"ఏమైందమ్మా?"

"మీ అక్క అత్తగారు" అంది అమ్మణ్ణి.  "ఊపిరాడ్డం లేదని కిటికీ తెరిచింది కదుటే ఆవిడ."

కనకానికి ఆ కథ చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు. తల్లితోపాటు తను కూడా ఆవిడను తిట్టింది.

"ఇప్పుడవన్నీ ఎందుకే? వదిలెయ్."

"ఆవిడ తెరిచింది. తెరిచిన కిటికీని నేనే మూశాను కనకం. గుడ్డలు కుక్కి మరీ మూశాను. నిప్పు కూడా ఎక్కువ చేశాను."

కిష్టమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.  కనకం బిడ్డను అలాగే పట్టుకుని తల్లివంక చూస్తూ ఉండిపోయింది.